కొంచెం ఎడమకి లాగుతుంది

కొనేముందు ఒక మాట, ఎస్కో,
ఈ బండి కొంచెం ఎడమకి లాగుతుంది.
ముందు చక్రం దగ్గర మర పావు చుట్టు బిగిస్తే సర్దుకుంటుంది,
నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికొస్తుంది.
దాచిపెట్టి అమ్మడం నాకు చేతకాదు.

నువ్వడిగింది అది కాదు, తెలుసు.
"గిట్టుబాటేనా?" అన్నావు
గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ.
నీ భార్య కారులోనే ఉండిపోయింది,
వెనక సీట్లో, నిద్రపోతున్న పాప పక్కన.

మా తార్మో లెక్కల మనిషి.
ఫ్రిజ్ మీద కాగితం అంటించి
బండి ధరని నేను పరిగెత్తిన కిలోమీటర్లతో భాగించేవాడు.
మొదటి వారం కిలోమీటరుకి పద్నాలుగు యూరోలు పడింది.
"టాక్సీలో తిప్పినా ఇంతవదు" అన్నాడు.
రెండో వేసవికి ముప్పై సెంట్లకి దిగింది,
తర్వాత కాగితం మీద ఎవరో జామ్ పూశారు.
ఎవరో ఏంటి, మా ఐలీయే.

ఆ కాగితంలో లేనివి చెప్తాను.

క్లినిక్‌లో నర్సు వేలు చూపించి మరీ చెప్పింది:
మెడ గట్టిపడాలి, ఆర్నెల్లు నిండాలి,
అప్పటిదాకా నడకే.
నడిచాను. ఔలు నది ఒడ్డున
రెండు చేతుల్లో కర్రలూపుకుంటూ ముసలాళ్ళు
నన్ను దాటి వెళ్ళిపోతుంటే
పళ్ళు కొరుక్కుంటూ నడిచాను.

ఆర్నెల్లు నిండిన మర్నాడే
ముందు చక్రానికి లాక్ వేసి, పట్టీ మణికట్టుకి తగిలించుకుని
బయల్దేరితే, వంద మీటర్లలో తెలిసిపోయింది
ఇది చేతులు లేని పరుగని.
ఇన్నేళ్ళూ కాళ్ళతో పరిగెడుతున్నాననుకున్నాను,
సగం పని చేతులదేనని ఎవరూ చెప్పలేదు.
కిలోమీటరుకి నలభై సెకన్లు పోయాయి.
ఎదురుగాలికి బండి గూడు తెరచాపలా ఉబ్బి
నన్నే వెనక్కి తోసింది.

ఒక్కదాన్నే పరిగెత్తిన రోజుల్లో బుర్ర ఖాళీ అయ్యేది.
ఇప్పుడెక్కడి ఖాళీ?
టోపీ జారిందా, ముక్కు చల్లబడిందా,
నిద్రపోయిందా, మరీ ఇంత నిశ్శబ్దమేమిటి?
ఆగి తొంగి చూస్తే
రెండు కళ్ళూ తెరుచుకుని
తీరిగ్గా ఆకాశాన్ని నములుతూ ఉండేది.

చేతితొడుగులు విసిరెయ్యడం దానికి ఆట.
ఎర్రది ఒకటి వంతెన దగ్గరెక్కడో పోయింది.
మర్నాడు అదే దారిలో, కంచె కొయ్యకి
ఎవరో తొడిగి పెట్టారు.
మంచులోంచి చిన్న చెయ్యొకటి మొలిచి
ఆగమన్నట్టు.
ఆగాను. ఆ రోజు పరుగు అంతే.

నిజం చెప్పాలా,
కొన్నాళ్ళు దీన్ని చూస్తేనే ఒళ్ళు మండేది.
మార్చి నెల, కరిగి మళ్ళీ గడ్డకట్టిన దారి,
జారకుండా చల్లిన కంకర చక్రాల్లో ఇరుక్కుని,
లోపల అది గుక్కపట్టి ఏడుస్తుంటే
ఇల్లు ఇంకా నాలుగు కిలోమీటర్లు.
అది పరుగూ కాదు, పెంపకమూ కాదు.
ఒట్టి మోత.

కానీ తార్మోకి రాత్రి డ్యూటీలు పడిన ఆ ఏడాది
ఇది లేకపోతే నాకు పరుగే లేదు.
పరుగు లేని నేను ఇంట్లో ఎలా ఉంటానో
తార్మోనే అడుగు,
లెక్కెయ్యకుండానే చెప్తాడు.

పోయిన సెప్టెంబరులో, రేవు దగ్గర ఎత్తు మీద
బెల్టు తనే విప్పుకుని కిందికి దిగింది.
"నేను తోస్తా" అంది.
హ్యాండిల్ దాని నెత్తి కంటే పైనుంది,
కింది గొట్టం పట్టుకుని తోసింది.
పక్కన నేను. రెండేళ్ళ తర్వాత ఖాళీ చేతులు.
ఊగడం మర్చిపోయి,
ఏం చెయ్యాలో తోచక జేబుల్లో దూరాయి.
బండి ఎడమకి లాగింది.
అది కుడికి దిద్దుకుంది, నా వైపు చూడకుండానే.

నూట పది ఇవ్వు, చాలు.
వాన కవరు, పంపు కూడా తీసుకెళ్ళు.
అడుగు సంచీలో కంకర ఉంటుంది, ఎంత దులిపినా పోదు.
గాలి మాత్రం వారం వారం చూసుకో.