వీబె చేతి గీత

హార్లింగెన్ రేవులో ధాన్యం కొట్టు, పడమటి గోడ.
సముద్రం మీంచి వచ్చే గాలి
మా పరంజాని రోజంతా కదిపి చూస్తుంది,
వదులు పన్నుని నాలుక కదిపినట్టు.

కోత మిషను వ్యానులోనే ఉంది.
దానికి సందూ ఇటుకా ఒకటేనని
వీబె పైకి రానివ్వడు.
నా చేతికి మూడు ఉలులిచ్చాడు.
వెడల్పుది అడ్డ సందులకి,
చిలకముక్కులా సన్నంది నిలువు సందులకి.
మూడోది అరిగి అరిగి బెత్తెడు మిగిలింది,
అదీ ఒక పక్కకే.
దేనికో చెప్పలేదు.

"గోడలోకి కొట్టకు యెల్‌ట్యె, గోడ వెంట కొట్టు.
ఉలికి ఇటుక ఉలిక్కిపడకూడదు."
తొలివారం నాలుగు ఇటుకల అంచులు ఎగరగొట్టాను.
పసుప్పచ్చవి, అరచేతిలో పట్టేంతవి,
ఎవరో మూడొందల ఏళ్ల కిందట కాల్చినవి.
సాయంత్రం ఆ పెచ్చుల్ని ఏరి
నా టీ కప్పు పక్కన పెట్టి వెళ్లిపోయాడు.
తిట్టినా బాగుండేది.

పైన సిమెంటు. బూడిదరంగు, మొండిది.
కొడితే ఉలే గంటలా మోగుతుంది.
దాని వెనక రెండు వేళ్ల లోతున
పాత గుల్లసున్నం,
గోరు తగిలితే రాలుతుంది.
ఒకచోట సరిగ్గా కాలని గుల్ల ముక్క,
లోపలివైపు ఇంకా మెరుస్తూ.

గార ఇటుక కన్నా మెత్తగా ఉండాలి,
పోయేదేదో అదే ముందు పోవాలి.
ఇక్కడ తిరగబడింది.
సిమెంటు దారివ్వక నీరు ఇటుకలో ఇంకి
చలికి గడ్డకట్టి
ముఖాలు పొరలు పొరలుగా ఊడిపోయాయి.
సందుగీతలు మాత్రం నిన్నటివిలా
సిగ్గులేకుండా నిలబడ్డాయి.
"ఏ వెధవ చేశాడో," అన్నాను, సుత్తి దించి.

వీబె కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
సిమెంటు మీద బొటనవేలు జరిపాడు.
ప్రతి గీత చివరా తాపీ ఎడమకి తిరిగిన చిన్న కొక్కెం.
నేను దాన్ని చూశాను. తర్వాత
సుత్తి పట్టిన అతని ఎడమచేతిని చూశాను.

"ఎనభై రెండులో," అన్నాడు.
"గట్టిదే మంచిదనుకునేవాళ్లం."

ఆ పొట్టి ఉలి అడిగి తీసుకున్నాడు.
మోకాళ్ల కింద గోనెపట్టా మడిచి వేసుకుని
టక్, టక్, కాస్త ఆగి, టక్.
మధ్యాహ్నం రొట్టె పొట్లం విప్పలేదు.
నేను వెనకాలే బ్రష్షుతో దుమ్ము ఊడ్చాను.

పడవల్లో దీపాలు వెలిగే వేళకి ఆరు వరసలు తేలాయి.
మధ్యలో ఒక్క కొక్కెం మిగిలిపోయింది.
చూసుకోలేదేమోనని ఉలి ఎత్తాను.

"రేపు," అన్నాడు.