కొలవని నీళ్లు

మందస దాటి, జీడితోటలు అయిపోయాక
స్కూటీ ఎక్కలేని మెరక ఒకటుంటుంది.
అక్కడ దిగి, రిజిస్టరు చంకన పెట్టుకుని నడిచాను.
సవరపేటలో సుక్కురుకి ఈరోజు రాయి నాటుతున్నారు.

నాకు కావలసింది ఒక్క గడి:
మరణ కారణం.
పలాస ఆసుపత్రి కాగితం వానకి తడిసి ముద్దయింది,
ఆఫీసులో మళ్లీ అడుగుతున్నారు.

రాయి పెద్దదేం కాదు. నా మోకాలెత్తు.
వాళ్ల నాన్న రాయి పక్కన,
పిన్ని రాయికి మాత్రం కాస్త ఎడంగా
(బతికుండగా వాళ్లిద్దరికీ పడదట)
గునపంతో గొయ్యి తీసి నిలబెట్టారు.
డేగిసాల్లో దున్న ఉడుకుతోంది.
ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. కూర్చోలేదు.

కుడాంబోయి ఆదారి,
నెలనెలా నా దగ్గర ఐరన్ మాత్రలు పట్టుకెళ్లే మనిషే,
కాళ్లు చాపి కళ్లు మూసుకుంది.
బిగిసిన మోకాళ్లని ఇద్దరు పట్టి వంచారు.
ఆ నోట్లోంచి దగ్గొచ్చింది.
ఆ దగ్గు నాకు తెలుసు.

ఇక అందరూ ఒక్కసారే మాటలు.
ఏడుపు, తిట్లు, నవ్వు కూడా.
నా గొడుగేదీ అన్నాడు.
పుంజునెవరికమ్మినావని పెళ్లాన్నడిగాడు.
"బస్సు చార్జీలకి!" సోంబారి అరిచింది,
"వారానికి రెండుసార్లు నీ రక్తం కడిగించడానికి!"
అతను చాలాసేపు ఊరుకున్నాడు.
చచ్చినవాళ్లు కూడా ఊరుకుంటారని
అప్పుడే తెలిసింది.

తర్వాత అన్నది, పక్కనున్న కుర్రాడు నాకు తెలుగులో చెప్పాడు:
"మందుల పాప వొచ్చిందేటి?
రోజుకి మూడు గ్లాసులే తాగమంది.
గెడ్డ పక్కన తొంగుని
రాత్రల్లా నీళ్ల సప్పుడిన్నాను."

ఎవరూ నావైపు చూడలేదు.
చూసినా బాగుండేది.

మా అమ్మ పోయినప్పుడు టెక్కలిలో
పదకొండోనాడు షామియానా కింద
నూట ఇరవై విస్తళ్లు లేచాయి.
అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు.
నేనూ అడగలేదు.

ఆనపబుర్ర నిండా గెడ్డనీళ్లు ముంచి తెచ్చాను.
ఆదారి రెండు చేతులా పట్టుకుని
గుక్క తిప్పుకోకుండా తాగింది. తాగాడు.
గడ్డం మీంచి కారి రవిక తడిసింది.
ఇంకా, అన్నాడు.
మళ్లీ వెళ్లాను.
మళ్లీ.

సాయంత్రం రిజిస్టరు తెరిచి
కిడ్నీ అని రాశాను. ఆఫీసుకి అది చాలు.

మెరక దిగితే, స్కూటీ సీటు మీద
అడ్డాకు దొన్నెలో నా వాటా మాంసం.
కుక్కలు లాగకుండా
పైన చిన్న రాయి.