ఆరోసారి

ఫిబ్రవరిలో మా కిటికీ ముందు
బతికున్నవాళ్ళు వరసగా నిలబడతారు.
చిత్తూరు ట్రెజరీ, రెండో కౌంటరు.
నా పని చిన్నది:
వేలు పెట్టించుకోవడం,
పచ్చ లైటు వెలిగితే కాగితం చేతికివ్వడం.
ఆ కాగితాన్ని అందరూ లైఫు అంటారు.
"పాపా, నా లైఫు వొచ్చిందా?"
"నా లైఫు ఇంట్లో మర్చిపోయినా, మళ్ళొస్తా."
"జెరాక్సులో నా లైఫు సగమే పడింది సూడు."
మొదట్లో నవ్వొచ్చేది.

మొగిలెమ్మది బంగారుపాళ్యం అవతల పల్లె.
మొగుడు నీటిపారుదలలో లస్కరు, పోయి పన్నెండేళ్ళు.
ఆమె ముప్పై ఏళ్ళు చింతపండు కొట్టింది.
వేళ్ళ మీది గీతలన్నీ పులుపు తినేసింది.
బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు.
చూపుడువేలు. ఎర్ర లైటు.
కుడిచెయ్యి వదిలేసి ఎడమచెయ్యి మొదలుపెట్టాం.
"అంటే నేను లేనట్టా?"
"ఉన్నావమ్మా. మిషనుకే తెలియడం లేదు."
"దానికెట్ట తెలస్తాది, దానికి పానముండాదా?"

మూడేళ్ళుగా ఈ కిటికీలో కూర్చుని
ఈ ఒక్క మాటకున్న వేషాలు చూస్తున్నాను.
జీవితం అనేది ఫైళ్ళలోనే ఉంటుంది,
నోట్లోకి వచ్చేసరికి బతుకైపోతుంది.
చల్లగా బతుకు అని దీవిస్తారు,
దానికే ముందు ఛీ తగిలించి తిట్టుకుంటారు.
లారీ చక్రం అంగుళం పక్కనుంచి వెళితే
బతికిపోయా అంటారు.
బతకడమూ పోవడమూ ఒకే ఊపిరిలో.
తలుచుకోగానే ఎదురొస్తే నీకు నూరేళ్ళు,
ఆ నూరేళ్ళు నిండాయనేటప్పుడు మాత్రం గొంతు తగ్గుతుంది.
గుడిపాల అమ్మమ్మకి ఉసురంటే ఊపిరి.
మా నాన్నకి ఉసురంటే భయం,
ఊపిరి పోయినవాళ్ళది కూడా వచ్చి తగులుతుందని.
జీవితంలోంచి ఒక్క అక్షరం జారిపోతే జీతం.
నాది పదిహేను వేలు, మార్చి ముప్పై ఒకటి దాకా.
ఆ పైన సంతకం పడితేనే
నాకు ఇంకో ఏడాది ప్రాణం.

"బిరీన కానీ పాపా,
ఇంట్లో జీవం ఒగటి నొప్పుల్లో ఉండాది."
కోడలా అని అడగబోయి ఆగాను.
మా పక్క జీవమంటే మేక.
"పిల్ల అడ్డం తిరిగింటే
నేను లేకుంటే కాదు."

ఐదుసార్లయింది.
కంటిపాపను చూసే పరికరం మూలపడి ఏడాది.
సారు భోజనానికెళ్ళాడు.
వెనకాల ఎవరో దగ్గారు, ఎవరో వాచీ చూపించారు.
అప్పుడామె ఆ వేలిని నోటి దగ్గరికి తెచ్చుకుని
అరచేత్తో చుట్టూ మూసి
మెల్లగా ఊదింది.
"ఊపిరి లేకుండా పుట్టిన పిల్లకి ఇట్టే ఊదతాం,
ముక్కులో. ఒగోసారి లేస్తాది."
ఆ చెమ్మ ఆరకముందే గాజు మీద పెట్టింది.
మిషను కాసేపు ఆలోచించింది.

పచ్చ.

సదరు పింఛనుదారు నేటికి జీవించి ఉన్నారు.
రోజుకు వందసార్లు అచ్చేసే వాక్యం.
ఆ *నేటికి* దగ్గర
ఎందుకో ఆ రోజే కన్ను ఆగింది.
ఆమె చదవలేదు.
మడిచి రవికలో దోపుకుని
చెప్పులు చేత పట్టుకుని
పలమనేరు బస్సు వెనక పరిగెత్తింది.

మార్చిలో ఫోను చేసింది, డబ్బు పడిందా చూడమని.
పడింది.
మేక సంగతి అడిగాను.
"రెండేసింది. ఒగటి గమ్మనుండిపోయింది.
ఊదినా. ఇంగోసారి ఊదినా. ఇంగోసారి."
ఫోన్లో కాసేపు గాలి,
దూరంగా ఎవరో ఎవర్నో కేకేయడం.
"రెండోదాని నోట్లో వేలు పెట్టినా పాపా.
మీ మిషను మాదిరి కాదు,
మొదటిసారికే పట్టేసింది."