ఎనిమిది జతలు

పోర్త్ గ్వినల్ రేవులో రెండు తారాజువ్వలు పేలితే
లైఫ్‌బోటు కదులుతోందని లెక్క.
ఆ రాత్రి మా నాన్న నోటినిండా మేకులు.
బూట్లు కుట్టేవాళ్ళు వాటిని దాచుకునేది అక్కడే.
రెండో చప్పుడికి ఒకటి మింగబోయి, ఉమ్మేసి
"ఈ గాలిలోనా?" అన్నాడు.
అంతే. మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

వాళ్ళు మా కిటికీ ముందునుంచే పరిగెత్తారు.
నాన్న తలెత్తలేదు.
రాళ్ళవీధి మీద మడమ పడే తీరు విని
ఒక్కొక్కరి పేరూ నాకు చెప్పాడు:
కుడికాలు ఈడ్చేది ఇద్వల్.
మునివేళ్ళ మీద వచ్చేది బడిపంతులు తెగ్విన్.
తొట్రుపడుతున్నది గెథిన్, పెళ్ళై పదకొండు రోజులు.
ఇంకో నలుగురు.
ఎనిమిదో అడుగు దగ్గర ఆగిపోయాడు.
"ఇదెవరిదే?"
మాదోగ్‌ది. అతని బూట్లు మా బల్లమీదే ఉన్నాయి,
అడుగు ఊడదీసి, నాలుక వేలాడేసుకుని.
తమ్ముడి బూట్లు తొడుక్కుని పరిగెత్తాడు పాపం.

ఇసుకమేట మీద బొగ్గు ఓడ. గ్రీకువాళ్ళు పదకొండుమంది.
మొదటిసారి ఆరుగురిని తెచ్చి దించారు.
అక్కడితో ఆగినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.
కానీ ఆ ఓడ వంటవాడు
దుప్పటి కప్పుకుని, భాష రాక, మాట రాక
అయిదు వేళ్ళూ చాచి అలా చూపిస్తూనే ఉన్నాడు.
ఇద్వల్ ఆ చేతివంక చూశాడు.
తాగుతున్న టీ సగంలో పెట్టేశాడు.

ఆ చేతిని నేను ఇప్పటికీ క్షమించలేదు.
ఆ చేతిది తప్పని ఒక్కనాడూ అనలేదు.

తెల్లారాక పడవషెడ్డులో బల్లకింద
ఎనిమిది జతలు.
గెథిన్‌వి మాత్రం ఒకటి అటు, ఒకటి ఇటు.
వాటిని సరిచేయబోతే
అతని పెళ్ళాం నా చెయ్యి పట్టుకుంది.

సముద్రం తిరిగిచ్చినప్పుడు
మొహాలు ఉంచుకుని మిగతాది ఇచ్చింది.
అందుకే నాన్నని పిలిచారు.
వేలిపక్క కాయ, వంగిన బొటనవేలు, అణిగిన పాదం.
ఆయన చేత్తో కొలిచిన కాళ్ళే అన్నీ.
"ఇది తెగ్విన్" అనేవాడు,
బడిలో హాజరు వేసినట్టు, మెల్లగా.
ఇంటికొచ్చి చేతులు కడుక్కుని
మళ్ళీ కడుక్కున్నాడు.

మాదోగ్ దొరకలేదు.
అతని బూట్ల అడుగున సుద్దతో రాసి ఉంది: శనివారం.
శనివారానికి నాన్న కుట్టడం ముగించాడు.
అతని భార్య నాన్ వచ్చి పర్సు తెరిచింది.
వద్దన్నాడు నాన్న.
"కూలి ఇవ్వకపోతే మా ఆయన
అప్పుతో పోయినట్టవుతుంది, పుచ్చుకో" అంది.
పుచ్చుకున్నాడు.
ఆ చిల్లర మా గల్లాపెట్టెలో వేరేగా ఉండేది,
ఎంత కరువొచ్చినా.

పిల్లాడు ఎదిగితే వేసుకుంటాడని దాచిందా బూట్లని.
పదిహేనేళ్ళకే వాడి పాదం తండ్రిని దాటిపోయింది,
రెండు సైజులు పెద్ద.
మడమ దూర్చలేక వాడు గెంతుతుంటే
ఆ ఇంట్లో మొదటిసారి నవ్వు విన్నాను.
మరుసటేడు వాడూ పడవెక్కాడు, కొత్త బూట్లతో.
నాన్నే కుట్టాడు. డబ్బు తీసుకోలేదు.
ఎందుకో నాన్ కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు తారాజువ్వలు లేవు.
నడుముకున్న చిన్న పెట్టె కీచుమంటుంది.
ఎనభై నాలుగేళ్ళదాన్ని, నాకు అది వినపడదు.
వాళ్ళ పరుగు మాత్రం
కిటికీ అద్దంలోంచి నా అరిచేతికి తెలుస్తుంది.
కర్ర పట్టుకుని షెడ్డుకి పోతాను.
మనుషుల్ని లెక్కపెట్టడం నాకు చేతకాదు,
జతలు లెక్కపెడతాను.
ఏడు. ఒకటి ఆడపిల్లది, ఎర్ర లేసులు.
వాటి మడమల అరుగుదల చూస్తూ
బల్లమీద కూర్చుంటాను, చలి ఎముకలదాకా వచ్చేవరకూ.

వాళ్ళొస్తారు, ఉప్పు కారుతూ, ఏదో తిట్టుకుంటూ.
తడి పాదాలు దూర్చుకుని
లేసులు ఈడ్చుకుంటూ ఇళ్ళకి పోతారు.
"ముడేసుకోండర్రా, పడతారు!"
అని వెనకనుంచి అరుస్తాను.

ఒక్కరూ వినరు.