తిప్పి పంపిన లారీ

కంకిపాడు ప్లాంటులో చలానా మీద కొట్టిన టైము
మధ్యాహ్నం ఒకటీ పది.
రెండు గంటల్లో పొయ్యాలి.
ఆ తర్వాత కాంక్రీటు ఎవరి మాటా వినదు.

రాత్రి పొయ్యాల్సింది. పంపు చెడి పగటి మీద పడింది.
మే నెల, బెజవాడ.
కలిపే నీళ్లలో ఐసు వేసి పంపుతున్నాం.
చేపల మార్కెట్టుకి పోవాల్సిన ఐసు,
చెరకు రసం బళ్లకి పోవాల్సిన ఐసు,
రంపపు పొట్టు కడిగేసిన ఐసు.
వంతెనకి కూడా వడదెబ్బ తగులుతుందని
డిప్లొమాలో నాకెవరూ చెప్పలేదు.

పోరంకి దాటానని ఫోను చేశాడు అప్పలసూరి.
తాడిగడపలో పెళ్లి బస్సొకటి అడ్డం తిరిగింది.
కానూరులో పరీక్ష వదిలారు.
ఆటోనగర్ గేటు దగ్గరికొచ్చేసరికి
అతని గొంతు కంటే హారన్లే ఎక్కువ వినిపిస్తున్నాయి.
"నానేటి సేత్తును బాబూ?
ముందర లారీ, ఎనకాల లారీ.
ఎగిరెల్లిపొమ్మంటారా?"

ఎగిరి వెళ్లడానికేగా కడుతున్నది.

ఈ రద్దీ తీర్చడానికి బయల్దేరిన ఆరు ఘనపు మీటర్లు
ఈ రద్దీలోనే ఇరుక్కుని
డ్రమ్ములో గిరగిరా తిరుగుతూ
నిమిషానికో ఏడాది ముసలిదవుతోంది.

పటమట వైపు నుంచి పన్నెండో నంబరు లారీ
ముక్కు చూపించేసరికి మూడూ నలభై.
శంకువు నింపి, పైకెత్తాను.
జారాల్సిన ముద్ద జారలేదు.
చల్లారిన ఉప్మాలా
గిన్నె ఆకారంలోనే కూర్చుంది.
పద్నాలుగో పిల్లరు పైనుంచి
బరంపురం కుర్రాళ్లు వైబ్రేటరు పట్టుకుని
నా మొహం వంకే చూస్తున్నారు.
చలానా వెనక రాశాను: తిరస్కరించడమైనది.
నా చేతిరాత అంత గుండ్రంగా ఎప్పుడూ రాలేదు.

"డ్రమ్ములో గడ్డ కడితే సుత్తులెట్టి కొట్టించి
ఆ కూలీ నా జీతంలో కోత్తారు బాబూ."
ఎక్కడో ఒకచోట పారబొయ్యాలి, ఇప్పుడే.

అప్పుడు పలికింది బారికేడు అవతల్నుంచి నాంచారమ్మ,
పునుగుల బాండీ మీంచి కళ్లెత్తకుండా.
"మూడేళ్లు తవ్వారు. బురదలో ఇటుకలేసుకుని
స్టవ్వు నిలబెట్టుకున్నా.
ఆ పారబోసేదేదో ఇక్కడ పారబొయ్యి నాయనా.
బ్రిడ్జీకి పనికిరాంది పునుగులకి పనికొస్తదిలే."

రూలు ప్రకారం కుదరదు.
నేను మంచినీళ్లు తాగడానికి వెళ్లాను.
చాలాసేపు తాగాను.

తిరిగొచ్చేసరికి
అప్పలసూరి ప్యాంటు మడిచి చెక్కతో చదును చేస్తున్నాడు.
ఆవిడ అట్లకాడతో అంచులు సర్దుతోంది.
మిగిలింది ఎక్కడ పోశారని నేనడగలేదు.
"ఎన్నాళ్లు తడపాలి?" అంది, నా వైపు చూడకుండానే.
"వారం."
గోనెపట్టా కప్పి నెల తడిపింది,
గ్లాసులు కడిగిన నీళ్లతో.

వంతెన బలం నాకు అంకెల్లో తెలుసు.
పోసిన ప్రతిసారీ ఆరు క్యూబులు తీశాం,
తొట్టిలో నానబెట్టాం,
ఏడో రోజు మూడు, ఇరవై ఎనిమిదో రోజు మూడు,
మిషను కింద పెట్టి పగిలేదాకా నొక్కాం.
ఈ దిమ్మకి ఎవరూ ఏమీ తియ్యలేదు.
స్టవ్వు పక్కన వెంట్రుకంత బీట,
మూలన పిల్లి కాళ్లు నాలుగు,
అంతే దాని రికార్డు.

ఇప్పుడు పైన బళ్లు ఆగకుండా పోతున్నాయి.
ఆగకుండా పోయేవాడు పునుగులు తినడు.
సాయంత్రం నాలుగు వాయలు వేసేది,
రెండుతో స్టవ్వు కట్టేస్తోంది.
జాయింటు మీద చక్రం దాటిన ప్రతిసారీ ఠక్కుమంటుంది.
మొదట్లో తలెత్తి చూసేదట.

నిన్న వెళ్లి దిమ్మెక్కి నిలబడ్డాను,
ఎనభై మూడు కిలోలు, బూట్లతో కలిపి.
పది చాలంటే పద్నాలుగు వేసి,
పచ్చడి వడ్డిస్తూ అడిగింది.
"మళ్లీ ఎప్పుడు చెడిపోద్దయ్యా మీ లారీ?
ఎనకాల ఇంకా రెండు గజాలు బురదుంది."