పాత గింజలు

వారమంతా నేను
ఎస్కలేటర్ అడుగున అద్దాల గూట్లో కూర్చుంటాను.
తిబిలీసీ నగరం నా కళ్ళముందే కిందికి దిగుతుంది,
నా కళ్ళముందే పైకి పోతుంది.
మైకులో నాకున్నవి రెండే మాటలు:
కుడివైపు నిలబడండి. పరిగెత్తకండి.
అందుకే శనివారం వస్తే
నాకు కదలని నేల కావాలి.

కోజోరీ ఎంతో దూరం కాదు.
వ్యానులో నలభై నిమిషాలు,
కడుపులో తిప్పే మలుపులు మూడు.
ఊరి చివర ఒక అద్దె గది, కట్టెల పొయ్యి, రెండున్నర మంచాలు.
ఆ అర మంచం మా ఆయన ఒటియాది.
ఈసారి త్సియాలా అక్క కూడా వచ్చింది.
బావ పోయాక గడప దాటని మనిషి,
పిలవగానే కోటు తొడుక్కుంది.

నా ఒళ్ళో తువ్వాలు చుట్టిన మట్టికుండ.
సంచిలో రాత్రంతా నానిన ఎర్ర చిక్కుడు గింజలు,
ఒలిచిన అక్రోటు పప్పు,
ఉప్పునీళ్ళలో ఊరిన జోంజోలీ మొగ్గలు,
కాగితం పొట్లంలో మా మెంతిపొడి.
దాని పేరుకి మా భాషలో అర్థం
పరాయి వాసన అని.
ఎవరు తెచ్చారో, ఏ కొండ దిగి వచ్చిందో,
ఇన్ని తరాలు మా కుండల్లో ఉడికి కూడా
ఇంకా అది చుట్టమే.

"మాంసం లేదా?" అన్నాడు ఒటియా, ప్రతివారం అన్నట్టే.
"లేదు" అన్నాను, ప్రతివారం అన్నట్టే.
నవ్వి, కట్టెలు కొట్టడానికి పోయాడు.

కంచె పక్కన దురదగొండి లేతగా ఉంది.
చేతికి సంచి తొడుక్కుని కోశాం.
మరిగే నీళ్ళలో వేస్తే
దాని కోపం ఒక్క పొంగుకే దిగిపోయింది.
పిండి, తరిగి,
వెల్లుల్లీ అక్రోటూ నూరి కలిపి ఉండలు చేసి,
ఒక్కోదాని నెత్తిన వేలితో చిన్న గుంట నొక్కాం.
దానిమ్మల కాలం కాదు.
గుంటలు ఖాళీగానే ఉండిపోయాయి.

అన్నీ అయ్యాయి.
గింజలే ఉడకలేదు.

పన్నెండింటికి నొక్కి చూశాను: గులకరాళ్ళు.
రెండింటికి చూశాను: బాగా తడిసిన గులకరాళ్ళు.
"ఈ ఏటి పంటే, మా అమ్మ మీద ఒట్టు" అన్నాడు
బజారులో ఆ మీసాలాయన.
వాళ్ళమ్మ ఎలా ఉందో, పాపం.

రొట్టే ఊరిన మొగ్గలూ తిని
ఒటియా గడ్డిలో వాలాడు, టోపీ మొహాన వేసుకుని.
పొయ్యి దగ్గర మేమిద్దరం.
నీళ్ళు తగ్గితే వేణ్ణీళ్ళు పోయడం,
కట్టె కాస్త ముందుకి తొయ్యడం,
అంతకుమించి ఈ లోకంలో మాకు పని లేదు.
దిగువన నగరం
మూతపెట్టిన గిన్నెలా పొగలో ఉంది.

నాలుగింటికి, కుండలోకి చూస్తూనే,
"మంగళవారాలు నీ స్టేషన్‌కి వచ్చేదాన్ని" అంది అక్క.
"ఎందుకు?"
"ఒక్కదానికోసం పొయ్యి వెలిగించబుద్ధయ్యేది కాదు.
కిందికి దిగేదాన్ని.
నీ గూటి ముందునించి నడిచి
అటువైపు మెట్లెక్కి పైకి పోయేదాన్ని."
"పిలవొచ్చుగా."
"పనిలో ఉన్నావు.
ఒకసారి మైకులో అన్నావు,
నీలం కోటావిడా, కుడివైపు నిలబడండి అని.
నిలబడ్డాను."

ఎన్ని మంగళవారాలో నేను అడగలేదు.
గరిటె తీసుకుని కలిపాను,
కలపాల్సిన అవసరం లేకపోయినా.

ఎనిమిదిన్నరకి ఒక గింజ
వేళ్ళ మధ్య లొంగింది.
తర్వాత అంతా తొందరే:
ఉల్లిపాయ, కొత్తిమీర, చివర్లో చిటికెడు చుట్టం,
పెనం మీద మొక్కజొన్న రొట్టెలు.
సగం గింజలు మెదిపి సగం వదిలేసింది అక్క.
"తెల్లారిందా?" అంటూ లేచాడు ఒటియా.

త్సియాలా రెండోసారి వడ్డించుకుంది.
మూడోసారి కుండనే దగ్గరికి లాక్కుంది.
"ఉప్పు తక్కువైంది" అంది, తింటూనే.
నిజమే, తక్కువైంది.

వచ్చే శుక్రవారం
మళ్ళీ ఆ మీసాలాయన దగ్గరికే వెళ్తాను.
అమ్మ మీద ఒట్టు అక్కర్లేదు బాబూ,
ఆ పాత గింజలే ఇంకో కిలో ఇవ్వు అంటాను.