పెత్రమాస, కరీమాబాద్

పళ్లెంల బియ్యం, బీరకాయలు, చింతపండు,
మీద ఐదు రూపాయల బిళ్ల.
గుడి అరుగు మీద అయ్యగారు
తలెత్తకుండనే, "మూడు తరాలు చెప్పమ్మా."

నాయిన సాంబయ్య. తాత వీరమల్లు. ముత్తాత చెన్నయ్య.
అవ్వ కొంరవ్వ.
అవ్వ అత్తగారు?

వాడకట్టుల ఆమె సాంబని అవ్వ.
ఇంట్ల "ఏమే".
రేషన్ కార్డులు రాకముందే పోయింది.
మగ్గం మీద పోగు తెగితే
నాలికె తడితోని అతికేదని మాత్రం
అవ్వ చెప్పేది.

"తెల్వకుంటే గంగ అందాం" అన్నడు.
నా వెనుక పదిమంది, పది పళ్లాలు.
సరే అన్న. గంగకు నీళ్లు వదిలిన.

పొద్దువాలినంక ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తుంటే
గునుగు కట్టకు చుట్టిన దారం పుటుక్కుమంది.
కొసలు రెండు నోట్లె తడిపి పేనిన.

కోడలు చూసి, ఇది ఎవలు నేర్పిన్రు అంది.

గంగ అనబుద్ధి కాలే.